బోర్లించిన కాఫీ రోలు

"పని పూర్తయ్యాక ఆమెను నువ్వేం చేసినా నేను అడగను," అన్నాడు కెప్టెన్ హార్‌గ్రీవ్.

ఇంగ్లీషు దొరలు చంపమని నోటితో చెప్పరు. అడగనంటారు, అంతే. ముస్లిహ్ ఆ మాట విని తలూపాడు. ఆ మాట కోసమే అతను వేసవి నుంచి కాచుకుని ఉన్నాడు.

రఫా శిబిరంలో కెప్టెన్ గుడారం బయట 'గుర్రాల దాణా విభాగం' అని బోర్డు ఉండేది. లోపల దాణా గింజ ఒక్కటి కూడా ఉండేది కాదు. మ్యాపులు, టెలిఫోన్, ఎడారి మొత్తం తన జేబులో ఉందనుకునే కెప్టెన్, ఇవే ఉండేవి. 1917 శరత్కాలం అది. గాజా ముందు రెండుసార్లు చావుదెబ్బ తిన్న ఇంగ్లీషు సైన్యం ఈసారి ఎడారి లోపలి నుంచి చుట్టి రావాలని చూస్తోంది.

"బీర్ హమ్మాద్ బావులు తెలుసుగా?"

"ఆ నీళ్ళు తాగాను."

"అన్నిటికీ తుర్కులు డైనమైట్ పెట్టారు. ఒకే తీగ, ఒకే స్విచ్. స్విచ్ ఎక్కడుందో తెలీదు. రేపు సాయంత్రం మన గుర్రాలు అక్కడికి చేరతాయి. దారిలో చుక్క నీరుండదు. బావులు పేలాయో..."

"గుర్రాలు చస్తాయి."

"గుర్రాలు చస్తే సైన్యం వెనక్కి. తుర్కులు రఫాకి వస్తారు. మాకు పనిచేసిన ప్రతివాడి గుడారం వెతుక్కుంటూ వస్తారు."

"ఎవర్ని కలవాలి?"

"కలియోపి. అలెగ్జాండ్రియా గ్రీకు మనిషి. అక్కడి రైల్వే స్టేషన్లో ఆఫీసర్ల క్యాంటీన్ నడుపుతోంది. మన ఏజెంట్. వాళ్ళ దగ్గర కూడా జీతం తీసుకుంటోందని నా అనుమానం. స్విచ్ సంగతి ఆమెకి తెలిసి ఉండాలి." కెప్టెన్ గొంతు తగ్గించాడు. "నీ తమ్ముణ్ణి పట్టించింది కూడా ఆవిడేనేమో, ముస్లిహ్."

తమ్ముడు సుబైహ్ వేసవిలో ఇదే కెప్టెన్ పంపితే ఇదే బీర్ హమ్మాద్‌కి వెళ్ళాడు. వెళ్ళిన రోజే దొరికిపోయాడు. తుర్కుల గూఢచారి అధికారి ఫెహ్మీ బే అతన్ని స్టేషన్ నీళ్ళ ట్యాంకుకి ఉరివేశాడు. కబురు తెలిసిన పూట ముస్లిహ్ తల్లి ఏడవలేదు. కాఫీ దంచే రోలుని గుడారం మధ్యలో బోర్లించి పెట్టింది. మా ఎడారివాళ్ళ ఇళ్ళలో రోలు బోర్లిస్తే ఎవరూ ఏమీ అడగరు. పగ తీరేదాకా ఆ ఇంట్లో కాఫీ దంచరు, ఆ ఇంటి మగవాడు ఎక్కడా కాఫీ నోట పెట్టడు. ఒక రక్తానికి ఒక ప్రాణం. ఆ ఒక్కడెవడో తేల్చుకోవాలి, తప్పు మనిషిని చంపకూడదు. రెండోవాణ్ణి చంపితే అది కొత్త పగ అవుతుంది, పాతది తీరదు.

కెప్టెన్ ముస్లిహ్ అంగీ పైనుంచి రెండో బొత్తాం వేలితో తట్టాడు. "ఎడమకి తిప్పితే తెరుచుకుంటుంది. లోపల దిక్సూచి. సుబైహ్‌కీ ఇదే ఇచ్చాను. దర్జీకి కూడా ఇవ్వకుండా నేనే కుట్టాను. రహస్యమంటే అలా ఉండాలి."

పుట్టినప్పటి నుంచీ ఇసుకలో తిరుగుతున్నవాడికి ఉత్తరం ఎటో చెప్పే బొత్తాం ఎందుకో ముస్లిహ్‌కి అర్థం కాలేదు. మర్యాదకి ఒప్పుకున్నాడు.

*

బీర్ హమ్మాద్ కాపలావాళ్ళు అతన్ని తనిఖీ చెయ్యలేదు. చెయ్యబుద్ధి కాలేదు. ఒంటెల గజ్జికి పూసే నల్లటి తారు మోచేతుల దాకా, గడ్డం దాకా పూసుకుని వచ్చాడు. ఆ వాసనకి ఒంటెలే మొహం తిప్పుకుంటాయి. తుర్కుల సరుకు ఒంటెలకి ఆ నెలలో గజ్జి పట్టి జుట్టు రాలిపోతోంది, గజ్జి వైద్యుడంటే దేవుడొచ్చినట్టే.

"పో పో, లోపలికి పో! దూరంగా నడు!" అన్నాడు సిపాయి ముక్కు మూసుకుని.

క్యాంటీన్లో గ్రామఫోన్ మోగుతోంది. కలియోపి బల్ల వెనక నిలబడి గ్లాసులు తుడుస్తోంది. ఆకుపచ్చ పట్టు గౌను, పెదాలకి ఎరుపు, మెడలో ముత్యాలు. ఆ దుమ్ములో అంత శుభ్రంగా ఎలా ఉందో ఆవిడకే తెలియాలి. ముస్లిహ్‌ని చూసి సెంటు గుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"అమ్మగారూ, మీ ఒంటెకి గజ్జి ఏ వైపు?" అన్నాడు ముస్లిహ్. అది కోడ్.

ఆమె గుడ్డ దించింది. "పడమటి వైపు. పెరట్లోకి రా. నీ కంపు మాత్రం ఇక్కడే వదిలేసి రా."

పెరట్లో ఖాళీ సీసాల పెట్టెల మధ్య ముస్లిహ్ ఆమె మెడ మీద కత్తి పెట్టాడు. ముత్యాల దండ తెగి గింజలు దొర్లాయి.

"సుబైహ్ మా తమ్ముడు."

ఆమె అరవలేదు. "ఆ కళ్ళు చూడగానే అనుకున్నా. నన్ను చంపమని ఆయనే పంపాడా?"

"ఎవరు?"

"మీ దాణా దొర." ఆమె ఆపకుండా చెప్పుకుపోయింది. "మీ తమ్ముణ్ణి పట్టుకున్నప్పుడు నేనక్కడే ఉన్నా. ఫెహ్మీ బే చెప్పులు వెతకలేదు, తలపాగా విప్పలేదు. తిన్నగా రెండో బొత్తాం పట్టుకుని ఎడమకి తిప్పాడు. ఎడమకి! ఆ బొత్తాం సంగతి నాకెవరు చెప్పుంటారయ్యా? నేనేమన్నా దర్జీనా?"

ముస్లిహ్ చెయ్యి తన అంగీ రెండో బొత్తాం మీదకి వెళ్ళింది.

"తుర్కులు నన్ను నమ్మడం లేదని కబురు పెట్టాను. అయితే వాళ్ళకి ఒకణ్ణి ఇచ్చెయ్, నమ్ముతారు అన్నాడు మీ కెప్టెన్. ఏ రోజు వస్తాడో, ఏ బొత్తామో ఆయనే చెప్పి పంపాడు. ఆ కబురు నేనే మోశాను. మొయ్యలేదని అబద్ధం చెప్పను. కానీ పంపింది నేను కాదు. ఇప్పుడు సాక్షి నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే నీ చేతికి కత్తిచ్చి పంపాడు."

వేసవి నుంచి ఆ గుడారంలో కూర్చుని, ఆ మనిషి చేతి బిస్కెట్లు తిని, ఆ మనిషి ఓదార్పులు విన్నాడు. తమ్ముణ్ణి అమ్మినవాడే తన భుజం తట్టాడు. కత్తి కిందికి దిగింది గానీ దాని మీద పట్టు సడలలేదు.

"స్విచ్ ఎక్కడ?"

"ఈ బావులవాళ్ళ పెద్ద, షేక్ మునైజిల్ గుడారంలో, ఆడవాళ్ళ తెర వెనక. మీ విమానాలు సిపాయిల గుడారాలన్నీ కాలుస్తాయి, మీ ఎడారివాళ్ళ నల్ల గుడారాల జోలికి పోవుగా. టెలిఫోన్ పెట్టె అని చెప్పి ముసలాయన ఇంట్లో పెట్టించాడు ఫెహ్మీ. తీగ గుడారం అంచు కింద నుంచి ఇసుకలో పోతుంది. సాయంత్రం పూట ఫెహ్మీ అక్కడికే వచ్చి కూర్చుంటాడు." ఆమె మెడ తడుముకుంది. "నన్నేం చేస్తావ్?"

"ముత్యాలు ఏరుకో," అన్నాడు ముస్లిహ్.

*

షేక్ మునైజిల్ ఒంటె పక్కటెముకలకి తారు పూస్తూనే ముస్లిహ్ తీగని చూశాడు. గుడారం అంచు దగ్గర జానెడు పొడవు బయటికి కనిపిస్తోంది, నల్లగా, వేలంత లావుగా. ఎవరూ చూడకుండా కొయ్యాలి. కత్తి మొలలో ఉంది. వంగాడో లేదో, గుర్రపు డెక్కలు వినిపించాయి. ఫెహ్మీ బే పెందరాళే వచ్చేశాడు.

పడమట దుమ్ము లేచింది. ఫిరంగులు మొదలయ్యాయి.

"ఏం అబ్బాయ్, పని ఆపి లోపలికి రా!" అని పిలిచాడు షేక్. "నా గుమ్మంలోకి వచ్చినవాడు కాఫీ తాగకుండా పోతే నలుగురూ నవ్వుతారు."

తప్పించుకునే దారి లేదు. లోపల షేక్, అతని మనుషులు, మధ్యలో దిండు మీద ఫెహ్మీ బే కూర్చున్నారు. నున్నగా గీసిన గడ్డం, మెరిసే బూట్లు, ముక్కు దగ్గర జేబురుమాలు. షేక్ స్వయంగా కాఫీ పోసి కప్పు ముస్లిహ్ చేతికిచ్చాడు. ఏలకుల వాసన గుప్పుమంది. ఎన్నాళ్ళయిందో ఆ వాసన పీల్చి! ముస్లిహ్ కప్పు పెదాల దాకా తెచ్చాడు. తల్లి బోర్లించిన రోలు కళ్ళ ముందు కనిపించింది. చెయ్యి దానంతటదే దిగిపోయింది, కప్పు తివాచీ మీద పెట్టేశాడు.

పెట్టాక గానీ తెలియలేదు ఏం చేశాడో.

ఫెహ్మీ బే రుమాలు దించాడు. "నేను ఈ ఎడారిలో కొత్తవాణ్ణి కాదు. కాఫీ ముట్టనివాడికి రెండే కారణాలుంటాయి. ఇంటాయన తీర్చాల్సిన కోరిక ఏదో ఉండాలి. లేదా రక్తం బాకీ ఉండాలి. ఒరేయ్ తారువాడా, నీదేది?" చెయ్యి పిస్తోలు మీదకి వెళ్ళింది.

షేక్‌కే కోపం వచ్చింది.

"బే, నా అతిథిని నా ఇంట్లో నువ్వు విచారణ చేస్తావా? వాడు పేదవాడు, అడగడానికి సిగ్గుపడుతున్నాడు." ముస్లిహ్ వైపు తిరిగాడు. "తాగు నాయనా. నువ్వేం కోరినా ఇచ్చేశాను."

మాట బయటికి వచ్చేసింది. మాలో అది వెనక్కి పోదు. గొంతు మీద కత్తి పెట్టినా పోదు. ముస్లిహ్ మెదడు పరుగెత్తింది. పెట్టెని అడగలేడు. అది ఫెహ్మీ దాచమని అప్పగించిన సొమ్ము, అప్పగింత సొమ్ముని షేక్ ఇంకొకరికి ఇవ్వలేడు.

"పెద్ద కోరికేం కాదు బాబాయ్," అన్నాడు. "నా ఒంటెకి కట్టుతాడు తెగిపోయింది. మీ గుడారం కింద నుంచి నల్లతాడు ఒకటి పోతోంది చూడండి, అదిప్పించండి చాలు."

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగిపోయారు. ఫెహ్మీ బే మొహం పాలిపోయింది.

"అది తాడు కాదు! అది టెలిఫోన్ తీగ! సైన్యం సొత్తు!"

షేక్ మునైజిల్ ముసలివాడే గానీ మొద్దు కాదు. టెలిఫోన్ అంటారు, ఇన్నాళ్ళయినా ఒక్కసారి మోగలేదు. తీగేమో తాతలు తవ్విన బావుల వైపు పోతోంది. ఇన్నాళ్ళూ అడగడానికి మొహమాటపడ్డాడు. ఇప్పుడు అడగాల్సిన పనే లేకుండా పోయింది.

"బే, నువ్వు నాకు అప్పగించింది పెట్టె. పెట్టె అక్కడే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. తాడు సంగతి నాకు చెప్పావా?"

"చెప్పలేదు, కానీ..."

"చెప్పలేదు కదా. నా గుడారం కింద ఉన్నది నాది." గడ్డం నిమురుకుంటూ లేచాడు. "నావాళ్ళూ, మన అతిథికి తాడు కావాలట!"

బయట బూరలు వినిపించాయి. గుర్రాలు దౌడు తీస్తున్న చప్పుడుకి నేల అదిరింది. ఫెహ్మీ బే ఒక్క గెంతులో లేచాడు. బూటు తగిలి ముస్లిహ్ కప్పు దొర్లింది, కాఫీ తివాచీలో ఇంకిపోయింది. ఆడవాళ్ళ తెరని చింపుకుంటూ లోపల పడ్డాడు. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. పెట్టె పిడి రెండు చేతులతో పట్టుకున్నాడు. బయటికి పరుగెత్తిన ముస్లిహ్, షేక్ మనుషులు తీగ పట్టి ఒక్కసారిగా లాగారు. ఇసుక చీల్చుకుంటూ లేచింది తీగ. దాని మీద ముస్లిహ్ కత్తి పడింది.

ఫెహ్మీ పిడి నొక్కాడు. పెట్టెలో 'క్లిక్' మని చప్పుడైంది. ఇంకోసారి నొక్కాడు. బావుల దగ్గర నీళ్ళు తోడుతున్న గాడిద ఒకటి ఓండ్ర పెట్టింది, అంతకు మించి ఏమీ జరగలేదు.

షేక్ భార్య రొట్టెల పెనంతో అతని నెత్తి మీద ఒక్కటిచ్చింది. అడగకుండా ఆడవాళ్ళ తెర చింపినవాడికి మాలో అది చిన్న శిక్షే.

చీకటి పడకముందే గుర్రాలు బావుల చుట్టూ మూగి, మూతులు ముంచి తాగాయి. ముస్లిహ్ చేతిలో తెగిన తీగ చుట్ట ఇంకా అలాగే ఉంది. షేక్ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"నీకు కాఫీ బాకీ ఉన్నాను అబ్బాయ్. నిజం చెప్పు. ఆ కప్పు కింద పెట్టింది తాడు కోసమేనా?"

"మొదట కాదు బాబాయ్."

"అనుకున్నా. నీకు రక్తం బాకీ ఉన్న మనిషి ఆ బే గాడేనా? తీసుకుపో, నేను అడ్డురాను."

ముస్లిహ్ తీగ చుట్ట భుజానికి తగిలించుకున్నాడు. "కాదు," అన్నాడు.

*

తెల్లారేసరికి కెప్టెన్ హార్‌గ్రీవ్ దిగాడు. ముస్లిహ్ భుజం తట్టాడు, షేక్‌కి సిగార్ ఇచ్చాడు, బంధించిన ఫెహ్మీ బేని చూసి చేతులు రుద్దుకున్నాడు.

"ఆమె?" అన్నాడు మెల్లిగా.

"ఇక మాట్లాడదు," అన్నాడు ముస్లిహ్. షేక్ భార్య నల్ల ముసుగులో కలియోపి అప్పటికే సరుకు ఒంటెల వెంట రఫా దారిలో ఉంది.

కెప్టెన్ మొహం వెలిగిపోయింది. "ఈ ఖైదీని నేనే స్వయంగా హెడ్‌క్వార్టర్స్‌లో అప్పగించాలి. ఆలస్యం చేస్తే అశ్వదళం వాళ్ళు మేమే పట్టుకున్నామంటారు. అడ్డదారి ఉందా?"

"ఉంది దొరా. కాకపోతే సిపాయిలు వద్దు. ఎక్కువమంది వస్తే నీళ్ళు చాలవు."

"మనం ముగ్గురమే," అన్నాడు కెప్టెన్. పేరు ఒక్కడికే రావాలంటే దారి కూడా ఒంటరిగానే ఉండాలి మరి.

మధ్యాహ్నానికి వాళ్ళు నడుస్తున్న చోట ముళ్ళపొద కూడా లేదు. ముస్లిహ్ ఒంటెని కూర్చోబెట్టి, కెప్టెన్ ఒంటెనీ కూర్చోబెట్టాడు. కెప్టెన్ దిగి కాళ్ళు సాచుకున్నాడు. ముస్లిహ్ ఆ ఒంటె ముకుతాడు తన జీనుకి కట్టేశాడు, నీళ్ళ తిత్తి తన వైపుకి మార్చాడు. కెప్టెన్ నడుం మీది పిస్తోలు అప్పటికే ముస్లిహ్ చేతిలో ఉంది.

"ఏంటిది ముస్లిహ్?"

ముస్లిహ్ అంగీ రెండో బొత్తాం పుటుక్కున తెంపాడు. "దీన్ని ఎడమకి తిప్పాలని ఫెహ్మీ బేకి ఎవరు చెప్పారు?"

ఒంటె మీద కట్టేసి ఉన్న ఫెహ్మీ బే ఆసక్తిగా ముందుకి వంగాడు.

కెప్టెన్ అబద్ధం ఆడబోయి, ఫెహ్మీ మొహం చూసి మానేశాడు. "విను. నువ్వు తెలివైనవాడివి. తుర్కులు ఆమెని నమ్మకపోతే ఆ స్విచ్ ఎక్కడుందో మనకి తెలిసేదా? ఒక్క మనిషి పోయాడు. బావులు దక్కాయి. వేలమంది బతికారు. దక్కాయా లేదా?"

"దక్కాయి," అన్నాడు ముస్లిహ్. "అందుకే దక్కేదాకా ఆగాను."

"నా చేత్తో నేను చంపలేదు!"

"నేను కూడా నా చేత్తో చంపను." బొత్తాం అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "ఇదిగో నీ దిక్సూచి. ఉత్తరం బాగా చూపిస్తుంది. నీళ్ళు మాత్రం ఉత్తరాన లేవు."

"ఎక్కడున్నాయి? ముస్లిహ్! ఏ వైపున్నాయి?"

"మా తమ్ముడికి తెలుసు. వాడు ఈ దారినే వచ్చాడు. వాణ్ణి అడుగు."

మూడు ఒంటెలూ కదిలాయి. వెనక నుంచి కేకలు చాలాదూరం వినిపించాయి. బతిమాలడం, తిట్టడం, రాజు పేరు చెప్పి బెదిరించడం, మళ్ళీ బతిమాలడం. ముస్లిహ్ తల తిప్పలేదు. గుండెలో బరువేమీ తగ్గలేదు. కానీ వేసవి నుంచి మొదటిసారి తమ్ముడి మొహం ఉరితాడు లేకుండా గుర్తొచ్చింది. చిన్నప్పుడు పుచ్చకాయ దొంగిలించి గింజలు ఊస్తూ పరిగెత్తిన మొహం. అప్పుడు ఏడుపొచ్చింది. తారు మరకల చేత్తో తుడుచుకున్నాడు.

"నీ తమ్ముడికి ఉరితాడు వేసింది నేను," అన్నాడు ఫెహ్మీ బే కొంతసేపటికి. "మరి నన్నెందుకు వదిలేశావ్?"

"నువ్వు శత్రువ్వి. శత్రువు చేసే పని చేశావ్. ఆ కెప్టెన్ ఉప్పు మా తమ్ముడు తిన్నాడు, వాడు మా కాఫీ తాగాడు." ముస్లిహ్ ఒంటెని అదిలించాడు. "ఒక రక్తానికి ఒక్కడే. నీ అదృష్టం."

రఫాలో కర్నల్ ఖైదీని అడిగాడు, కెప్టెన్ ఏమయ్యాడని. ఫెహ్మీ బే మర్యాదస్థుడు. రెండు భుజాలూ ఎగరేశాడు.

"దిక్కు చూసుకోవడానికి దిగాడు. ఉత్తరమే సరైన దారని పట్టుబట్టాడు. మీ అధికారులు ఎవరి మాటా వినరు కదా."

కర్నల్‌కి అది నమ్మశక్యంగానే అనిపించింది.

*

గుడారంలోకి కొడుకు అడుగుపెట్టిన తీరు చూడగానే తల్లి లేచింది. వెళ్ళి రోలుని తిరగేసింది. అడుగున చేరిన ఇసుక దులిపింది. గింజలు వేయించి దంచడం మొదలుపెట్టింది. ఆ దంపుడు చప్పుడు విని చుట్టుపక్కల గుడారాల నుంచి జనం ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. సుబైహ్ చావు పలకరింపు ఆ రోజే జరిగింది.

కలియోపి కూడా వచ్చింది. ముసుగు తీసేసి, ఆకుపచ్చ గౌను దులుపుకుని, చాక్లెట్ డబ్బా పట్టుకుని ఆడవాళ్ళ వైపు కూర్చుంది. పెరట్లో మెడ మీంచి కత్తి తీసేశాడన్న ధైర్యం ఆవిడది.

తల్లి మొదటి కప్పు కొడుక్కే పోసింది. ముస్లిహ్ తాగాడు. కళ్ళు మూసుకుని తాగాడు. రెండోది పోసింది. అదీ తాగాడు. మాలో ఇంక చాలనుకున్నవాడు కప్పుని అటూ ఇటూ ఊపి ఇచ్చేస్తాడు. పోసేవాళ్ళకి అదే గుర్తు. తల్లి ఆగి చూసింది. జనమంతా చూశారు. ఇన్నేళ్ళు ఆఫీసర్లకి పోసిన చెయ్యి కదా, కలియోపి ఇంకా జాగ్రత్తగా చూసింది.

ముస్లిహ్ కళ్ళు తెరిచి, ముత్యాలు లేని ఆవిడ మెడ వైపు ఒక్కసారి చూసి, కప్పు ఊపకుండానే, ఇంకా చాలలేదన్నట్టు మళ్ళీ ముందుకి చాపాడు.

కలియోపి ఆ సాయంత్రం బండికే ఈజిప్టుకి టికెట్ కొనుక్కుంది.